టీబీ అనుమానం: ఎక్స్‌రే తర్వాత సీటీనా, కళ్లె పరీక్షా?

గోదారిగట్టు: మా బావమరిదికి మూడు వారాలుగా దగ్గు. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడుతోంది. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ ఉందన్నారు. ఒక డాక్టరు కళ్లె పరీక్ష అంటున్నారు, ఇంకొకాయన నేరుగా సీటీ తీయించమంటున్నారు. ఏది ముందు?

రమణ_కూకట్‌పల్లి: సీటీనే, ఇంక ఆలోచించకండి. మా నాన్నగారికి ఎక్స్‌రే తీసి నార్మల్ అని రాసిచ్చేశారు. తర్వాత సీటీలో బయటపడింది. ఈలోపు తాగిన దగ్గు మందుకు లెక్కలేదు. ఎక్స్‌రే అంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

ఎక్స్‌రే_గది: నేను చేసే పనే ఇది కాబట్టి చెబుతున్నా. భుజాలు ముందుకు నెట్టకపోతే రెక్క ఎముకలు ఊపిరితిత్తుల మీద పడతాయి. గాలి నిండా పీల్చి ఆపకపోతే కిందంతా మసకగా వస్తుంది. పై కొసన చిన్న మచ్చ ఉంటే కాలర్ బోన్ వెనక దాక్కుంటుంది. సీటీలో ఈ బాధ లేదు, ఒప్పుకుంటాను. కానీ ఇక్కడ మచ్చ కనబడనే కనబడింది. అది టీబీయా, న్యుమోనియా మచ్చా, ఎప్పుడో మానిన పాత గాయమా అన్నది సీటీ కూడా ఖాయంగా చెప్పలేదు. కళ్లెను సీబీనాట్‌లోనో ట్రూనాట్‌లోనో (టీబీ క్రిమి జన్యువును వెతికే యంత్రాలు) పెడితే క్రిమి ఉందో లేదో తెలుస్తుంది. టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో కూడా తెలుస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం.

చిన్ని_నెల్లూరు: సీటీలో రేడియేషన్ ఎక్కువంటారు కదా?

ఎక్స్‌రే_గది: ఛాతీ ఎక్స్‌రేకి సుమారు 0.1 మిల్లీసీవర్ట్, మామూలు సీటీకి 5 నుంచి 7. అవసరమైతే తీయించాల్సిందే, భయపడక్కర్లేదు.

రమణ_కూకట్‌పల్లి: చూశారా, భయం లేదని ఆయనే అంటున్నాడు. మరి ఎక్స్‌రేని వెనకేసుకురావడం ఎందుకు? మీ డిపార్ట్‌మెంట్ కాబట్టా?

ఎక్స్‌రే_గది: నేను చెప్పింది కళ్లె పరీక్ష గురించి సార్. సరిగ్గా చదవండి.

సుజాత_టీచర్: ఎక్స్‌రేని అంత తీసిపారేయకండి. 2019-21లో దేశవ్యాప్తంగా టీబీ సర్వే జరిగింది. ఎక్స్‌రే తీయకుండా లక్షణాలు అడిగి వదిలేసి ఉంటే 42.6 శాతం కేసులు దొరికేవే కావట. దగ్గు లేనివాళ్లలోనూ జబ్బు ఉందన్నమాట.

రమణ_కూకట్‌పల్లి: సర్వేలు మీ దగ్గరుంచుకోండి మేడమ్. నా దగ్గర మా నాన్నగారి ఫిల్మ్ ఉంది. బీరువాలోంచి తీసి చూపించమంటే చూపిస్తా.

ఎక్స్‌రే_గది: ఫిల్మ్ సరే. సీటీ తర్వాత కళ్లె ఇచ్చారా లేదా?

రమణ_కూకట్‌పల్లి: ఇవ్వలేదు. సీటీ చూసి డాక్టరు మందులు రాశాడు, చాలదా?

ఎక్స్‌రే_గది: మందులకు లొంగని రకమై ఉంటే ఏం చేసేవారు? ఇంటిల్లిపాదికీ అంటించేవాళ్లు!

రమణ_కూకట్‌పల్లి: నోరు జాగ్రత్త. మీకేం తెలుసు? అప్పుడు మా చెల్లికి సంబంధం మాట్లాడుతున్నాం. కళ్లె ఇస్తే పేరు ఆన్‌లైన్‌లోకి ఎక్కుతుంది, ఆశా వర్కర్ గుమ్మంలోకి వస్తుంది, వీధంతా తెలిసిపోతుంది. ప్రైవేటులో సీటీ అయితే గుట్టుగా అయిపోతుంది. మీ పరీక్షలు మీకు బాగానే ఉంటాయి, పెళ్లి చెడితే చేసేది మీరా?

సుజాత_టీచర్: ఇదా అసలు సంగతి! 2012 నుంచి ప్రైవేటు డాక్టరు కూడా టీబీ కేసు తెలియజేయాల్సిందే. సీటీ చూసి మందు మొదలుపెట్టినా ప్రభుత్వ టీబీ పోర్టల్ నిక్షయ్‌లో పేరు ఎక్కించాలి. గుట్టు ఎక్కడుంది? మీ నాన్నగారితో ఒకే ఇంట్లో ఉన్న చెల్లికి పరీక్ష చేయించారా మరి?

రమణ_కూకట్‌పల్లి: అది మా ఇంటి విషయం.

చిన్ని_నెల్లూరు: రమణగారి మాట కొట్టిపారేయకండి. మా వీధిలో ఒకావిడకి టీబీ అని తెలిసి పాలు పోయడం మానేశారు. తప్పు ఆవిడదా?

గోదారిగట్టు: అయ్యా, మావాడికి కళ్లె రావట్లేదు. డబ్బాలో ఉమ్మే పడుతోంది. ఏం చేయాలి?

ఎక్స్‌రే_గది: పొద్దున లేవగానే నీళ్లతో నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి ఛాతీలోంచి దగ్గమనండి. గాలి ఆడేచోట, మనుషులకు దూరంగా. అప్పటికీ రాకపోతే ఆసుపత్రిలో ఉప్పునీటి ఆవిరి పట్టి తీయిస్తారు. అదీ కుదరకపోయినా, ఫలితం నెగెటివ్ వచ్చి డాక్టరుకి అనుమానం తీరకపోయినా సీటీ రాస్తారు.

రమణ_కూకట్‌పల్లి: చూశారా, చివరికి సీటీకే వచ్చారు.