శ్రీలంక ఇద్దరం వెళ్తున్నాం: ఫిబ్రవరా, ఆగస్టా?

ప్రశ్న:
నేనూ, నా స్నేహితుడూ హార్టన్ ప్లెయిన్స్ పార్కులోని వరల్డ్స్ ఎండ్ కొండ అంచు, దక్షిణ తీరాన మిరిస్సలో తిమింగలాలు, యాల జాతీయ పార్కులో చిరుతపులి చూడాలనుకుంటున్నాం. ఏ నెల మంచిది?

జవాబు 1:
ఫిబ్రవరి అండీ. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల వల్ల మిరిస్స వైపు సముద్రం పోటెత్తి ఉంటుంది. అక్కడ తిమింగలాల కాలం నవంబరు నుంచి ఏప్రిల్. ఆగస్టే కుదిరితే తూర్పు తీరాన ట్రింకోమలీకి మార్చుకోండి.

జవాబు 2:
వరల్డ్స్ ఎండ్‌కి నెలకంటే వేళ ముఖ్యం. ఉదయం తొమ్మిది, పది దాటితే లోయలోంచి మబ్బు లేచి, 870 మీటర్ల లోతు ఉన్నట్టే తెలియదు. దగ్గర్లోని నువర ఎలియ ఊళ్లో తెల్లవారుజామున నాలుగున్నరకే బండెక్కి, ఆరింటికి పార్కు గేటు దగ్గరుండండి. చుట్టుదారి సుమారు 9 కిలోమీటర్లు, మూడు గంటల నడక. ముందు అంచు వైపే వెళ్లండి, బేకర్స్ జలపాతం తిరుగు దారిలో చూడొచ్చు. జలపాతం దగ్గర నేల తడిగా ఉంటుంది, చెప్పులు జారతాయి, బూట్లే వేసుకోండి. 2,100 మీటర్ల ఎత్తు, స్వెట్టర్ తప్పదు. పాలిథిన్ కవర్లు గేటులోనే తీసేస్తారు, తిండి డబ్బాలో సర్దుకోండి.

జవాబు 3:
యాలకి దగ్గర్లోని తిస్సమహారామ ఊళ్లో బస చేయండి. జీపు అద్దె బండి మొత్తానికి కాబట్టి మరో ఇద్దరితో కలిస్తే మీ వాటా సగమవుతుంది.