శ్రుతి మించితే రాగాన ఎందుకు పడుతుంది?

గౌతమి: "శ్రుతి మించి రాగాన పడింది" అన్న మాట పొద్దుట్నుంచీ వదలట్లేదు. శ్రుతి దాటితే అపస్వరం కావాలి గదా, రాగంలో పడ్డమేంటి? దీనికి ముందో వెనకో ఇంకో ముక్క ఉన్నట్టు లీలగా గుర్తు.

వశిష్ఠ: ముక్క సంగతి తర్వాత. కింద వ్యాఖ్యల్లో ఎవరో వట్రుసుడి పెట్టి "శృతి" అని రాసి, ఆ వ్యాఖ్య తీసేశారు. ధాతువు "శ్రు", వినడం. క్రావడీ కొమ్మూ ఉండాల్సిందే.

వైనతేయ: కీలకం "మించి"లో ఉందండీ. సన్నాయి ఊదేకొద్దీ ఊపిరి వేడికి గొట్టంలో గాలి వేడెక్కుతుంది. డిగ్రీకి ధ్వని వేగం సెకనుకు 0.6 మీటర్లు పెరుగుతుంది, స్వరం పైకి జరుగుతుంది. తోడుగా ఒకే స్వరం పలికే శ్రుతిపెట్టె ఆ వేడికి పైకి జరగదు. పెట్టె షడ్జం, అంటే "స", సెకనుకు 240 కంపనాలు, సన్నాయిది 244 అయితే సెకనుకు నాలుగుసార్లు నాదం ఉబ్బి తగ్గుతుంది. నోట పెట్టి ఊదే పీక కాస్త బయటికి లాగితే గొట్టం పొడవు పెరిగి స్వరం దిగుతుంది. లాగకుండా ఆలాపనలోకి దిగిపోతే, అదీ శ్రుతి మించి రాగాన పడ్డం.

వశిష్ఠ: నాలుగు కంపనాలకే సామెత పుడుతుందా? నాట్యశాస్త్రంలో భరతుడు రెండు వీణలు పోల్చి చూపేటప్పుడు ఒకదాని పంచమం, అంటే "ప", దించిన ఆ ఒక్క శ్రుతిని (ఇక్కడ శ్రుతి అంటే స్వరాల మధ్య చిన్న ఎడం) 81/80 నిష్పత్తిగా లెక్కిస్తారు. 240 మీద అది మూడు కంపనాలే.

వైనతేయ: ఆ మూడూ చెవికి చాలా ఎక్కువ. 240 షడ్జానికి స్వచ్ఛమైన అంతర గాంధారం, అంటే పై "గ", 300; స్వరాల ఎడాన్ని సమంగా పంచిన హార్మోనియంలో 302.4. ఏ స్వరంతోనైనా దాని రెట్టింపు, మూడింతలు ఇలా అనుస్వనాలు కూడా మోగుతాయి; షడ్జం అయిదో అనుస్వనం 1200 దగ్గర, ఆ గాంధారం నాలుగోది 1209.5 దగ్గర. సెకనుకు తొమ్మిది పైచిలుకు సార్లు గరగర. పంచమం 360కి బదులు 359.6, అందుకే అక్కడ లోపం పట్టుబడదు.

తుల్యభాగ: "రాగాన" వైపు ఎవరూ చూడరేం? పిల్లాడు రాగం తీస్తున్నాడంటే ఏడుపు అందుకున్నాడనే. వేళాకోళం ముదిరి ఏడుపులో పడింది, అంతే.

వశిష్ఠ: ఏడుపైతే "రాగానికి దిగింది" అనాలి. "పడింది" ఎందుకొచ్చింది?  

తుల్యభాగ: గోతిలో పడతాం, అప్పుల్లో పడతాం. వద్దనుకున్న చోటే పడతాం. కాబట్టి ఏడుపే.

వైనతేయ: ఆలాపనలోనూ తెలియకుండానే పడతారండీ. చెవి సన్నాయినే పట్టుకుని పెట్టెను వదిలేస్తుంది.

గౌతమి: మరి ఆ ముందు ముక్క?