పండ్లు తినే పావురాలను జాలిగదిలో పెంచడం: సరేనా, కాదా?

ప్రాణహిత ఒడ్డు (సిరోంచ):
అన్నలారా, ఒక మాట అడగాలె. పెరట్ల పెద్ద జాలిగది కట్టి జంబూ పావురాలు ఒక జత తెద్దామని ఉన్నది. మలేసియా, ఇండోనేసియా దిక్కువి. మగదానికి ముఖం ఎర్రగ, పొట్ట తెల్లగ ఉంటది. మా నాయిన తెమ్మంటడు, కాక వద్దంటడు. మీరేమంటరు?

అహేరి మాస్టర్:
మీ కాక మాటే నా మాట. మన జిల్లాలో మర్రి, జువ్వి పండితే హరియాల్ (పచ్చ పావురం) గుంపులు దిగుతాయి. అది మహారాష్ట్ర రాష్ట్రపక్షి. దాన్ని పట్టినా, పెంచినా 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. అయినా వలలు, బంకపుల్లలు ఆగలేదు. నీ గదిలో రంగురంగుల పావురం చూసినవాడు అంత డబ్బు పెట్టలేక అడవి పక్షి కోసం వేటగాణ్ని అడుగుతాడు. నా భయమంతా ఇదే. పైగా ఇవి పండు మింగి గింజను దూరంగా విసర్జించి అడవిని నాటే పక్షులు. వాటిని నాలుగు గోడల్లో పెట్టడమేంటి?

బల్లార్షా పావురాలు:
మాస్టారూ, వేట గురించి మీరన్నదానికి ఎదురు చెప్పను. కానీ గింజలు నాటే పని అన్నిటిదీ కాదు. డుకులా జాతి పెద్ద పావురాలు పెద్ద గింజల్ని సైతం మింగి చెక్కుచెదరకుండా వదులుతాయి. హరియాల్ కందనకాయ గట్టిది, మర్రిగింజల్ని నూరేస్తుంది.

తమ్మీ, ఇప్పుడు నీకు. మామూలు పావురాలను చూసి దీన్ని అంచనా కట్టకు. జొన్నలు, సజ్జలు వేస్తే బతకదు. బొప్పాయి, అరటి, ద్రాక్ష రోజూ చిన్న ముక్కలుగా కోసి పెట్టాలి. అవి నమలవు, మింగేస్తాయి. పొద్దున వేసిన పండు మన ఎండకు మధ్యాహ్నానికి పులుస్తుంది, అందుకే రెండుపూటలా మార్చాలి. రెట్టలన్నీ పల్చగా, జిగురుగా పడతాయి. రోజూ కడగకపోతే బూజు, పురుగు. రాత్రి పిల్లో పామో కదిలితే బెదిరి నిటారుగా ఎగిరి తల బద్దలు కొట్టుకుంటాయి, కాబట్టి ఇనుపజాలి కింద మెత్తటి వల కట్టాలి. జంబూ ఈతకు పెట్టేది సాధారణంగా ఒకటే గుడ్డు. ఆ ఒక్క పిల్లకు మొదట్లో తల్లీతండ్రీ ఇద్దరూ గొంతుసంచిలో ఊరే పాలే పోస్తాయి. ఆ రోజుల్లో గూటి దగ్గరకు ఊరికే పోతే గుడ్డునో పిల్లనో వదిలేయొచ్చు.

ఇంత శ్రమ ఓర్చుకుంటే పెంపకం తప్పు కాదనే నా నమ్మకం. మారిషస్ గులాబీ పావురం 1990ల మొదట్లో అడవిలో పదింటికి అటూఇటూ మిగిలింది. పంజరాల్లో పిల్లలు చేయించి వదలడం ఎంతో తోడ్పడి నేడు వందల్లోకి వచ్చింది.

అహేరి మాస్టర్:
ఆ పని జెర్సీ దీవిలోని జంతుశాల, మారిషస్ ప్రభుత్వం కలిసి చేశాయి. ఏ పక్షి ఎవరి సంతానమో రాసిపెట్టుకుని జతలు కట్టారు. అంత జాగ్రత్తలోనూ దగ్గరి రక్తం కలవడం వల్ల బలహీనపడ్డ పిల్లలు వచ్చాయి. ఊళ్లో ఒక జత తెచ్చి, దాని పిల్లల్నే మళ్లీ జత కడితే మూడో తరానికి ఏమవుతుంది? దాన్ని సంరక్షణ అనడానికి నాకు నోరు రాదు. అభిరుచి అనండి, అప్పుడు మాట్లాడదాం.

ఆలపల్లి అక్క:
మే నెలలో సిరోంచలో 45 డిగ్రీలు. వానలడవి పక్షి దాన్ని ఎట్లా ఓర్చుతది? నీడ, నీటితుంపర్లు లేకపోతే ముందే మానుకో తమ్మీ. కరెంటు పోతే ఏం చేస్తవు?

బల్లార్షా పావురాలు:
అక్కా, మంచి మాట. గోనెపట్టాలు తడిపి వేలాడదీసి, గదిలో చెట్టు పెంచితే చాలావరకు కాపాడొచ్చు. అభిరుచి అన్నా నాకు అభ్యంతరం లేదు మాస్టారూ, అభిరుచే. కానీ నిజాయితీ ఉండాలి. తమ్మీ, పిల్లగా ఉన్నప్పుడే కాలికి తొడిగిన అతుకులేని రింగు ఉన్న పక్షినే తీసుకో. అది పెద్దయ్యాక ఎక్కదు, కనుక గూట్లో పుట్టినదానికి అదొక ఆధారం. అదీ చాలదు, తల్లీతండ్రీని చూపించమను. చట్టం 2022లో సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారంపై దేశాల ఒప్పందం) జాబితాలో ఉన్న జాతి పెంచితే నమోదు తప్పదు. ఏ జాతి కొన్నా ముందు అటవీశాఖను అడుగు.

అహేరి మాస్టర్:
రింగు సరే. పిల్లలు ఎక్కువైతే ఎవరికిస్తాడు? నేను ఒప్పుకోవాలంటే దీనికి జవాబు కావాలి.

ప్రాణహిత ఒడ్డు (సిరోంచ):
సార్, ఊళ్లె ఎవరికీ అమ్మ. బల్లార్షా అన్నలాంటి పెంపకందారు వేరే రక్తపు జత కోసం అడిగితే మార్పిడి చేసుకుంట. అడిగేటోళ్లు లేకుంటే గుడ్డు తీసి చెక్క గుడ్డు పెడత, పిల్లలు చేయనియ్య.