పాత హార్డ్ డిస్కుకు తోడు ఇంకోటి పెడితే రెండూ కనపడటం లేదు

తెనాలి డీటీపీ:
నమస్కారం అండీ. మాది తెనాలిలో చిన్న డీటీపీ షాపు. పెళ్లికార్డులు, కరపత్రాలు, దినం కార్డులు చేస్తుంటాం. ఇప్పటికీ ఒక పెంటియం 4 మీద, ఎక్స్‌పీలో, పేజ్‌మేకర్, అను ఫాంట్లతోనే నడిపిస్తున్నాను. మార్చెయ్యమని దయచేసి చెప్పకండి. ఇన్నేళ్ల మేటరంతా అందులోనే ఉంది. ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో తెరిస్తే చి.ల.సౌ. కాస్తా ఇంగ్లిషు అక్షరాల కలగూరగంప అయిపోతుంది.

మా పక్క షాపు బాబాయిగారు షాపు ఎత్తేస్తూ తన సీపీయూ నాకిచ్చారు. బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బిపోయాయి, ఆన్ కాదు. అందులోని 80 జీబీ సీగేట్ డిస్కు మాత్రం నాకు కావాలి. 2005లో ఒకాయన షష్టిపూర్తి కార్డు బాబాయిగారే చేశారు. ఇప్పుడు ఆయనకే సహస్ర చంద్ర దర్శనం. పిల్లలు అదే బోర్డరు, అదే పద్యం కావాలంటున్నారు. కార్డు ఒక్కటి కూడా ఎవరి దగ్గరా మిగల్లేదు.

నా డిస్కు 40 జీబీ వెస్ట్రన్ డిజిటల్, ఐడీఈ అనే పాత రకంది. వెడల్పాటి కేబుల్ చివర ఉంటుంది. ఆ కేబుల్‌కి మధ్యలో ఇంకో కనెక్టర్ ఖాళీగా ఉంటే బాబాయిగారి డిస్కు దానికి పెట్టాను. ఆన్ చేస్తే ఐడీఈ డ్రైవ్‌లు వెతుకుతున్నానంటూ నిమిషం పైన ఆగిపోయి, ఆఖరికి రెండూ లేవంటోంది. ఉన్నదీ పోయింది! రెండోది పీకేస్తే నాది మామూలుగా వస్తోంది. దాన్నొక్కదాన్నే పెడితే బయోస్‌లో (విండోస్ ఎక్కకముందు వచ్చే సెట్టింగుల తెర) పేరు కనిపిస్తోంది కానీ విండోస్ ఎక్కేటప్పుడు నీలం తెర. కేబుల్ కూడా మార్చి చూశాను. డిస్కు పోయినట్టేనా? ఆదివారానికి ప్రూఫ్ ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

పాత మదర్‌బోర్డు:
పోలేదండీ. ఒక్కదాన్నే పెడితే పేరు చూపిస్తోందని మీరే చెప్పారు. నీలం తెర అంటారా, ఆ విండోస్ వేరే బోర్డు మీద ఎక్కించింది కాబట్టి మీ బోర్డు మీద అలా రావడం మామూలే. దాన్ని పట్టించుకోకండి.

రెండు డిస్కుల వెనకా జంపర్లు ఎలా ఉన్నాయి? డేటా కేబుల్ సాకెట్‌కీ కరెంటు సాకెట్‌కీ మధ్య చిన్న పిన్నులుంటాయి, వాటి మీద బియ్యపు గింజంత ప్లాస్టిక్ తొడుగు. ఒకే కేబుల్ మీద రెండు ఐడీఈ డిస్కులుంటే ఒకటి మాస్టర్ (మొదటిది), ఇంకోటి స్లేవ్ (రెండోది) అవ్వాలి. బాబాయిగారి మెషీన్‌లో అది ఒక్కటే కాబట్టి మాస్టర్‌గానే పెట్టి ఉంటారు.

తెనాలి డీటీపీ:
చూశానండీ. సీగేట్‌కి ఒక జంపర్ ఉంది. నా దానికి అసలు జంపరే లేదు, కొన్నప్పటి నుంచీ అలాగే ఉంది. సీగేట్ లేబుల్ మీద బొమ్మ చూస్తే జంపర్ తీసేస్తే స్లేవ్ అని ఉంది. తీసి పెట్టాను. అయినా అదే గొడవ.

మౌస్‌లో బంతి:
ఇంత శ్రమ ఎందుకు? ఐడీఈ నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్ కొనండి, ఐదు నిమిషాల పని. కాకపోతే దానితో పాటు విడిగా కరెంటు అడాప్టర్ వచ్చేదే తీసుకోండి. పెద్ద సైజు డిస్కుకు 12 వోల్టులు కావాలి, యూఎస్‌బీలో వచ్చేది 5 వోల్టులే. ల్యాప్‌టాప్ డిస్కుకైతే అది చాలు, దీనికి చాలదు.

పాత మదర్‌బోర్డు:
అదీ మంచి మార్గమే. కానీ ఆయనకి ఆదివారం గడువు. జంపర్ ఖర్చు సున్నా.

తెనాలి గారూ, చిక్కు మీ పాత డిస్కులోనే ఉంది. ఐడీఈ రోజుల్లో వెస్ట్రన్ డిజిటల్ పద్ధతి వేరు. వాటిలో సింగిల్ అని ఒకటి, స్లేవ్ ఉన్న మాస్టర్ అని ఇంకోటి, విడివిడిగా ఉంటాయి. జంపర్ లేకపోతే సింగిల్, అంటే కేబుల్ మీద నేనొక్కదాన్నే అని అది అనుకుంటుంది. ఇంకోటి వచ్చి చేరితే రెండూ కనపడకుండా పోవచ్చు. మీ డిస్కు లేబుల్ మీద మాస్టర్ బొమ్మ చూసి అక్కడ జంపర్ పెట్టండి. సీగేట్‌ని ఇప్పుడున్నట్టే వదిలెయ్యండి.

తర్వాత డిలీట్ కీ కొట్టి బయోస్‌లోకి వెళ్లి, ప్రైమరీ స్లేవ్ దగ్గర నన్ (None, అంటే ఏదీ లేదు) అని ఉంటే ఆటో చెయ్యండి. రెండో డిస్కు లేని రోజుల్లో బూట్ త్వరగా అవుతుందని చాలామంది దాన్ని నన్‌లో పెట్టేవాళ్లు. నేనూ పెట్టాను, పెట్టి మర్చిపోయాను, ఒక పూటంతా పోయింది.

కరెంటు తీసి మాత్రమే ముట్టుకోండి. కేబుల్ ఎర్రగీత కరెంటు సాకెట్ వైపు ఉండాలి.

గుంటూరు సర్వీస్:
ఒక్క మాట. విండోస్ ఎక్కాక ఈ డిస్కుని ఫార్మాట్ చెయ్యమంటారా అని అడిగితే వద్దు అనే కొట్టండి. ఇనిషియలైజ్ అన్నా వద్దనే. కస్టమర్లు చాలామంది కనపడని డిస్కుతో రారు, కంగారులో ఓకే కొట్టేసిన డిస్కుతో వస్తారు.

తెనాలి డీటీపీ:
వచ్చిందండీ!! రెండూ వచ్చాయి.

కథ చెబుతా. సీగేట్‌ది తీసిన జంపర్‌ని నా దానికి పెడదామనుకుంటే అది నిన్ననే పట్టకారులోంచి ఎగిరి కటింగ్ మెషీన్ కిందకి పోయింది. టార్చి వేసి వెతికితే రెండు గుండుసూదులు, ఒక బల్లి గుడ్డు పెంకు దొరికాయి గానీ జంపర్ దొరకలేదు. పాడైపోయిన సీడీ డ్రైవ్ ఒకటి అటక మీద ఉంటే దాని వెనక చూశాను. దానికీ అలాంటి జంపరే! అది తీసి పెట్టాను. బయోస్‌లో ప్రైమరీ స్లేవ్ నిజంగానే నన్‌లో ఉంది, ఆటో చేశాను. ఆన్ చెయ్యగానే ఒకదాని కింద ఒకటి రెండు పేర్లూ పడ్డాయి. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అన్నట్టు, మూడు రోజులు కొత్తగా వచ్చినదాన్నే తిట్టాను.

అక్కడితో అవ్వలేదు. మై కంప్యూటర్‌లో డ్రైవ్ కనిపించింది, లోపలికి వెళ్తే బాబాయిగారి మై డాక్యుమెంట్స్ మాత్రం యాక్సెస్ డినైడ్ అంటోంది. ఆ ఫోల్డర్‌లోనే అన్నీ ఉన్నాయి.

గుంటూరు సర్వీస్:
ఆయన లాగిన్‌కి పాస్‌వర్డ్ పెట్టుకుని ఉంటారు. ఎక్స్‌పీ ప్రొఫెషనల్ అయితే ఫోల్డర్ ఆప్షన్స్‌లో వ్యూ కిందకి వెళ్లి సింపుల్ ఫైల్ షేరింగ్ టిక్ తీసెయ్యండి. అప్పుడు ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ అని వస్తుంది. అడ్వాన్స్‌డ్‌లో ఓనర్‌గా మీ పేరు ఎంచుకుని, లోపలి ఫోల్డర్లకి కూడా అని టిక్ పెట్టండి. హోమ్ ఎడిషన్ అయితే సేఫ్ మోడ్‌లోకి వెళ్తేనే ఆ సెక్యూరిటీ కనిపిస్తుంది.

తెనాలి డీటీపీ:
ప్రొఫెషనలే. తెరుచుకుంది. ఫోల్డర్ల పేర్లు చూస్తే నవ్వొచ్చింది: పెళ్లి1, పెళ్లి2, పెళ్లి కొత్తది, పెళ్లి కొత్తది ఫైనల్, పెళ్లి నిజం ఫైనల్. షష్టిపూర్తి కార్డు దొరికింది, ముత్యాల బోర్డరుతో సహా. ఆ పద్యంలో ఒక అచ్చుతప్పు ఉంది, ఇరవై ఏళ్ల కిందట ఎవరూ పట్టుకోలేదు. బాబాయిగారికి ఫోన్ చేసి చెబితే, ఇప్పుడు దిద్దరా, ఆయనకి మాత్రం చెప్పకు అన్నారు.

డిస్కు మొత్తం ఇప్పుడు ఎక్స్‌టర్నల్‌కి కాపీ పెట్టాను. సగంలో ఒక వినాయకుడి బొమ్మ దగ్గర సైక్లిక్ రిడండెన్సీ చెక్ అని, అంటే అక్కడ డిస్కు సరిగ్గా చదవలేకపోతున్నానని, ఆగింది. దాన్ని వదిలేసి మిగతావి ఎక్కిస్తున్నాను, ఇంకా గంట చూపిస్తోంది.