మొయినాబాద్ తోటలో దొరికిన రోవ్ బీటిల్: ఒక్క పురుగుతో కొత్త జాతి అని రాయవచ్చా?

తోట_మొయినాబాద్:
వాన వెలిసిన రాత్రి మా మామిడి తోటలో తెల్లగుడ్డ కట్టి లైటు పెడితే ఈ పురుగు వచ్చి వాలింది. పైరెక్కలు పొట్టిగా ఉండి పొట్ట చాలావరకు బయటికే కనిపిస్తోంది కాబట్టి రోవ్ బీటిల్ అనడంలో అనుమానం లేదు. ఈ కుటుంబంలో ఇప్పటికే 60,000కు పైగా జాతులకు పేర్లున్నాయి. నేను చూసిన వర్ణనల్లో ఏదీ దీనికి సరిపోవడం లేదు. మగది, ఒక్కటే దొరికింది, ఇథనాల్‌లో ఉంచాను. ఇప్పుడే వర్ణించి ప్రచురించవచ్చా, ఇంకొన్ని దొరికేదాకా ఆగాలా?

కెమెరా_మాత్రమే:
ఫోటోలు ఇంత బాగా వచ్చాక చంపడం ఎందుకండీ? 2006లో అరుణాచల్‌లో బుగున్ లియోసిక్లా పిట్టను పట్టుకుని, కొలతలు, ఫోటోలు, కొన్ని ఈకలు తీసుకుని వదిలేశారు. అయినా కొత్త జాతిగా పేరు పెట్టారు కదా. 2015లో దక్షిణాఫ్రికా ఈగ ఒకదాన్ని ఫోటోలతోనే వర్ణించారు.

కోఠి_జువాలజీ:
ఆ ఈగ మీద ఎంత గొడవ జరిగిందో కూడా చెప్పండి. ఈకల రంగుతో పిట్టను గుర్తుపట్టవచ్చు. రోవ్ బీటిల్స్‌లో చాలా ప్రజాతుల్లో (దగ్గరి జాతుల గుంపుల్లో) పైనుంచి చూస్తే రెండు జాతులు అచ్చం ఒకేలా ఉంటాయి. మగపురుగు జననాంగాన్ని విడదీసి, మైక్రోస్కోప్ కింద బొమ్మ గీస్తే తప్ప తేడా తెలియదు. ఫోటోలో అది ఎక్కడ కనిపిస్తుంది? నేను చాలాకాలం ఇదే పాఠం చెప్పాను. ఒక్క నమూనాతో వర్ణించడానికి జంతువులకు శాస్త్రీయ పేర్లు పెట్టే అంతర్జాతీయ నియమావళి అడ్డు చెప్పదు. కానీ ఆ ఒక్కటీ కొంచెం తేడాగా పుట్టిన మామూలు పురుగైతే? తొందర వద్దు.

అమీర్‌పేట_హాస్టల్:
మెడ మీద పాకితే బొబ్బలొచ్చేది ఇదే కదా? మా రూములో ముగ్గురికి వచ్చింది. కనపడగానే చంపేయండి.

తోట_మొయినాబాద్:
తమ్ముడూ, అది పీడెరస్ అనే ఇంకో రోవ్ బీటిల్. నలుపు, నారింజ రంగు పట్టీలుంటాయి. అది కుట్టదు. నలిపితే ఒంట్లోని పెడెరిన్ అనే విషం చర్మానికి అంటుకుని బొబ్బలొస్తాయి. అందుకే మీద వాలితే కొట్టకండి, ఊదేయండి. తగిలిన చోట వెంటనే సబ్బుతో కడగండి. మాది పూర్తిగా నల్లది, వేరే ప్రజాతి.

కెమెరా_మాత్రమే:
నా ప్రశ్నకు జవాబు రాలేదు. ఉన్నది ఒక్కటే అయితే, దాన్నే చంపితే?

కోఠి_జువాలజీ:
ఒక్కటి దొరికింది అంటే ఒక్కటే ఉంది అని కాదండీ. ఇంకో మాట. మన దేశపు రోవ్ బీటిల్స్ మీద మాల్కం కామెరాన్ రాసిన సంపుటాలు 1930 నుంచి 1939 మధ్య వచ్చాయి. ఆయన వర్ణించిన చాలా జాతుల మూల నమూనాలు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్నాయి. వాటితో పోల్చకుండా కొత్తదంటే, రేపు ఎవరో వచ్చి ఇది పాతదే అని కొట్టేస్తారు. నమూనా నాకు పంపండి, నేను చూసి చెప్తాను.

సికింద్రాబాద్_డాక్టర్:
1897 ఆగస్టు 20న మన ఊళ్లోనే రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. అది ఏ జాతి దోమో ఆయనకు తెలియదు. రెక్కల మీద మచ్చలున్న దోమ అని రాసుకున్నాడు, అంతే. జాతులను సరిగ్గా వర్ణించి పెట్టేవాళ్లు లేకపోతే వైద్యం కూడా తడుముకుంటుంది. ఎవరో ఒకరు పూర్తి చేయండి.

తోట_మొయినాబాద్:
పంపండి అంటే నాకు భయం సార్. గతంలో ఒక కాలేజీవాళ్లకు నేను ఏరిన పేడపురుగులు డబ్బాలకు డబ్బాలు ఇచ్చాను. ఏ తేదీన, ఏ చోట, ఏ పేడలో దొరికిందో చీటీలన్నీ నేనే రాశాను. పేపర్ వచ్చాక నా పేరు చివర్లో కృతజ్ఞతల్లో, అదీ ఇంటిపేరు తప్పుగా ఉంది. నమూనాలు చూద్దామని వెళ్తే లోపలికి రానివ్వలేదు.

కోఠి_జువాలజీ:
అదీ ఇదీ ఒకటేనా? పురుగును పట్టినంత మాత్రాన రచయిత కాలేరు. వర్ణన రాసి ప్రచురించినవారే ఆ పేరుకు కర్త. నియమం అదే. డార్విన్ 1832లో అర్జెంటీనాలో పట్టిన రోవ్ బీటిల్‌కు 2014లో డార్వినిలస్ సెడారిసి అని పేరొచ్చింది. కర్త డార్విన్ కాదు, వర్ణించిన శాస్త్రవేత్త.

తోట_మొయినాబాద్:
డార్విన్‌కు దాని వల్ల నష్టం లేదు సార్. ప్రజాతి పేరులోనే ఆయన ఉన్నాడు. నాలాంటివాడి పేరు చీటీ మీద తప్ప ఎక్కడుంటుంది? ఆ పురుగు అన్నేళ్లు డబ్బాల్లో పడి ఉందని మీరే చెప్తున్నారు. నాదీ అలాగే పడి ఉండాలా? మీరు ఇందాకటి నుంచి ఒక్క పురుగు చాలదు అంటున్నారు. నేను ఇస్తానంటే మాత్రం ఒక్కటి చాలుతుందా?

కోఠి_జువాలజీ:
మీరు నా నిజాయితీని అనుమానిస్తున్నారు. నాకు సొంతంగా మైక్రోస్కోప్ కూడా లేదు, స్నేహితుడి ల్యాబ్‌లో కూర్చుని చూస్తాను. పెన్షన్ డబ్బుతో ఈ పని చేసేవాణ్ణి దొంగను చేస్తారా?

మెహిదీపట్నం_లా:
ఇద్దరూ ఒక్క నిమిషం. 2002 జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం కొత్త జాతి కనుగొన్నవారు దాని సంగతి తెలియజేసి, నమూనాను గుర్తింపు పొందిన భాండాగారంలో జమ చేయాలి. అంటే హోలోటైప్ (కొత్త పేరుకు ఆధారమైన ఆ ఒక్క నమూనా) తోట యజమాని ఇంట్లోనూ ఉండదు, లెక్చరర్ గారి బీరువాలోనూ ఉండదు. పేపర్లో కూడా ఏ సంగ్రహంలో ఉంచారో రాయాలి. ఇక మిగిలింది రచయితల పేర్లు.

కెమెరా_మాత్రమే:
నియమావళికి అనుబంధంగా ఉన్న నీతి సూత్రాల్లో ఒకటి ఉంది: ఫలానావారు దీన్ని కొత్తదని గుర్తించి పేరు పెట్టబోతున్నారని తెలిస్తే, వాళ్లను దాటి మనం పేరు ప్రచురించకూడదు. ఈ చర్చ చదివినవాళ్లందరికీ ఇక అది తెలిసినట్టే. చంపడం విషయంలో నా మాట మారలేదు. కానీ తోట ఆయనకు అన్యాయం జరగకూడదు.

తోట_మొయినాబాద్:
సరే సార్. నేనూ సహరచయితనని ముందే మెయిల్‌లో రాసి పంపండి. విడదీసేటప్పుడు నేను పక్కన కూర్చుంటాను, నేర్చుకుంటాను. అప్పుడు సీసా నేనే తెస్తాను, కొరియర్‌లో పంపను.

కోఠి_జువాలజీ:
కూర్చోండి, అభ్యంతరం లేదు. కానీ రెండో మగపురుగు దొరకనిదే పేపర్ పంపను. వచ్చే వర్షాకాలం కూడా లైటు పెట్టండి.

తోట_మొయినాబాద్:
పెడతాను. ముందు మెయిల్ రానివ్వండి.