నాలుగు పలాలతో వేయి వీశెలు: 'బో'కు తెలుగు మాట ఏది?

ప్రశ్న: చైనా యుద్ధకళ తాయ్‌చీ సాధకులు వల్లించే 'దాషౌ గ' అనే చిన్న గేయంలో ఒక ఏడక్షరాల పాదం ఉంది: 'ఛియెన్ దోంగ్ సి ల్యాంగ్ బో ఛియెన్ జిన్'. మాటకు మాట పెడితే 'పట్టి నడుపు, కదుపు, నాలుగు, ల్యాంగ్, బో, వేయి, జిన్'. కర్త లేడు, విభక్తి లేదు. ల్యాంగ్, జిన్ తూకాలు. 'బో' అంటే పక్కకు తోయడం, వేలితో కదపడం, తీగ మీటడం. 'నాలుగు పలాలతో వేయి వీశెలు ఎత్తు' అనే అనువాదం ఒకటి చూశాను, మింగుడుపడలేదు. 'మీటు' అంటే ఎలా ఉంటుందండీ?

— 'ఎత్తు' కుదరదండీ. ముందు పాదం 'ఎంత బలంతో కొట్టవచ్చినా రానీ' అంటుంది. తర్వాతి పాదం 'లోపలికి రానిచ్చి ఖాళీలో పడేలా చెయ్యి' అంటుంది. ఈ రెండింటి నడుమ బరువులెత్తే పని ఎక్కడిది? వాంగ్ జోంగ్‌యుయే పేరిట ఉన్న 'తైజీచ్వాన్ లున్' అనే పాత తాయ్‌చీ వ్యాసం కూడా ఈ మాటనే ఉదాహరించి, ఇది బలంతో గెలవడం కాదని తేల్చేసింది. 'మీటు' వినసొంపుగానే ఉంది కానీ, గడ్డపారతో బండను లేపడమూ మీటడమే. పాఠకుడు అటు వెళ్ళాడంటే మళ్ళీ ఎత్తడం దగ్గరికే వస్తాడు. నా ఓటు 'మళ్ళించు'కే.

— తూకాల మాట కూడా చూడండి. పాత లెక్కలో జిన్‌కు 16 ల్యాంగ్‌లు. చింగ్ రాజవంశ కాలపు జిన్ సుమారు 600 గ్రాములు, ల్యాంగ్ 37 గ్రాములు. మన పలం మూడు తులాలు, అంటే 35 గ్రాములు. ల్యాంగ్‌కు 'పలం' అచ్చంగా అతికింది. వీశె మాత్రం 1,400 గ్రాములు, బరువు రెండింతలు దాటిపోతుంది! లెక్క కావాలంటే వేయి జిన్‌లను సుమారు 'యాభై మణుగులు' అనాలి. ఇప్పటి చైనాలో జిన్‌కు పది ల్యాంగ్‌లే కాబట్టి అక్కడి కుర్రవాళ్ళకూ ఈ నిష్పత్తి తప్పుతుంది.

— మణుగులు వద్దు మాస్టారూ, 'వేయి' పోతే పాదం చస్తుంది. అది లెక్క కాదు, అతిశయోక్తి. నాకు మొదటి 'ఛియెన్' ముఖ్యం. వేయి అనే 'ఛియెన్'తో స్వరం కూడా ఒకటే, రాత మాత్రం వేరు: ఆ అక్షరంలో ఎద్దు అనే అక్షరం కూర్చుని ఉంటుంది. పశువును పట్టి నడపడమే దాని మొదటి అర్థం. తాయ్‌చీ గురువు జెంగ్ మాన్‌చింగ్ వివరణా అదే: నాలుగు ల్యాంగ్‌ల తాడు ముక్కుకు కడితే వేయి జిన్‌ల ఎద్దు వెంట వస్తుంది. ముక్కుతాడు అనే మాట మనకు సిద్ధంగానే ఉంది కదా!

— ఉంది, కానీ మూలంలో తాడు లేదు, అది వ్యాఖ్యాత తెచ్చింది. పాదంలో 'పట్టి నడిపి' చాలు, ముక్కుతాడు అధస్సూచికకు పోతుంది. 'తో' కూడా మనం చేర్చేదే, అది లేకుండా తెలుగులో వాక్యం నిలబడదు.

— అయితే ఇలా: 'పట్టి నడిపి, నాలుగు పలాలతో వేయి వీశెలు మళ్ళించు.' వీశెల తప్పు సంగతి అధస్సూచికలో రాస్తాను.