లండన్‌లో మొదటి నెల: మనవాళ్ళ ఇంట్లో దిగాలా, యూనివర్సిటీ గదిలోనా?

రాజాం_అప్ప:
మా తమ్ముడు జనవరిలో లండన్ వెళ్తున్నాడు, ఎమ్మెస్సీకి. ఇంతవరకు వాడు ఒంటరిగా వెళ్ళిందల్లా విశాఖ కోచింగ్‌కే. ఈస్ట్‌హామ్‌లో మా ఊరి అబ్బాయి ఉన్నాడు. తొమ్మిది మంది తెలుగువాళ్ళుండే ఇల్లు, షేరింగ్‌లో నెలకి 350 పౌండ్లు, ఎయిర్‌పోర్టుకి కూడా వస్తానన్నాడు. యూనివర్సిటీ గదైతే 230. అది నెలకనుకుని నాన్న సంబరపడిపోయారు, తీరా చూస్తే వారానికట. అమ్మ మనవాళ్ళ దగ్గరే దింపమంటోంది. మీరేమంటారు?

నాగావళి_గట్టు:
ఇందులో అడగడానికేముంది, మనవాళ్ళ ఇల్లే. నేను 2019 సెప్టెంబరులో శ్రీకాకుళం నుంచి వెళ్ళాను. మొదటి వారమంతా రాత్రి రెండింటికే మెలకువ వచ్చేసేది, మన దగ్గర అప్పుడు ఆరున్నర కదా, అమ్మ ముగ్గేస్తూ ఉంటుందని గుర్తొచ్చి ఏడుపొచ్చేది. ఆ వేళకి డ్యూటీ నుంచి వచ్చిన అన్నయ్య ఒకాయన లేపి చారన్నం పెట్టేవాడు. రెండో రోజు బస్సెక్కి 20 పౌండ్ల నోటు చాపితే డ్రైవర్ తల అడ్డంగా ఊపాడు. అక్కడి బస్సుల్లో 2014 నుంచే డబ్బులు తీసుకోరు, కార్డు తాకించాల్సిందే. నా ఇండియా కార్డులో విదేశీ వాడకం ఆన్ చేసుకోకుండా వెళ్ళాను. దిగి నడిచాను. ఆ సాయంత్రం బస్సుల్లో తాకించే ఆయిస్టర్ కార్డు కొనిచ్చింది కూడా ఆ అన్నయ్యే. యూనివర్సిటీ గదిలో ఎవరు కొనిస్తారు?

బొబ్బిలి_వీణ:
చారన్నం సరే, ఆ ఇంట్లో మీ పేరు ఏ కాగితం మీదైనా ఉండేదా? నేనూ అలాంటి ఇంట్లోనే దిగాను. డిపాజిట్ 500 పౌండ్లు చేతిలో పెట్టాను, రసీదు లేదు. ఇంగ్లండ్‌లో మామూలుగా డిపాజిట్ ఐదు వారాల అద్దె దాటకూడదు, ఓనర్ దాన్ని 30 రోజుల్లోపు ప్రభుత్వం ఒప్పుకున్న స్కీములో వెయ్యాలి. నాకు గదిచ్చినవాడు ఓనరే కాదు, ఓనర్ దగ్గర తీసుకున్నవాడి దగ్గర తీసుకున్నవాడు. అద్దెకిచ్చే ముందు వీసా చూసే బాధ్యత అద్దెకిచ్చేవాళ్ళది. నా వీసా ఎవరూ అడగలేదు, అప్పుడే అనుమానం రావాల్సింది. మూడు నెలలకి ఖాళీ చెయ్యమన్నారు. డిసెంబరు, నాలుగు కొట్టకముందే చీకటి, రెండు సూట్‌కేసులతో రోడ్డు మీద నిలబడ్డాను. ఆ 500 ఇప్పటికీ రాలేదు. వేరువేరు కుటుంబాలవాళ్ళు ఐదుగురు గానీ, అంతకన్నా ఎక్కువమంది గానీ కలిసి ఉంటే ఆ ఇంటికి కౌన్సిల్, అంటే అక్కడి మున్సిపాలిటీ, లైసెన్స్ ఉండాలి. మీది తొమ్మిది మంది ఇల్లు. ఉందేమో అడగండి.

పలాస_జీడి:
బొబ్బిలి గారూ, మీకు జరిగింది అన్యాయమే, కాదనను. కానీ వారానికి 230 అంటే 44 వారాలకి పది వేల పౌండ్లు దాటింది. మా నాన్న జీడితోట తాకట్టు పెట్టి నన్ను పంపారు, నేను ఆ గది తీసుకునుంటే ఇంటి కాగితాలు కూడా బ్యాంకులోనే ఉండేవి. పైగా సంతకం పెట్టాక మధ్యలో వదిలేస్తే అద్దె ఆగదు. చట్టం చెప్పడం తేలికే, వడ్డీ కట్టేది ఇంటి దగ్గరున్నవాళ్ళు.

నాగావళి_గట్టు:
అదీ మాట.

మెంటాడ_మామయ్య:
అద్దె గొడవ అలా ఉంచండి. మనవాళ్ళ ఇంట్లో దిగినవాడికి నాలుగో రోజునే పని చూపిస్తారు, ప్రేమతోనే. మా అబ్బాయి వీసా మీద క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలే చెయ్యాలి, చేతికి డబ్బులిస్తారు ఎవరికి తెలుస్తుందిలే అని 35 చేయించారు. మొదటి నెలంతా లైబ్రరీ ఎటుందో చూడలేదు వాడు. అలాగని యూనివర్సిటీ గది సుఖమనీ అనలేను. మా మేనకోడలు ఎండుమిర్చి పోపు వేస్తే పొగకి అలారం మోగి, బిల్డింగంతా చలిలో బయటికొచ్చి నిలబడ్డారట. తర్వాత మూడు వారాలు పెరుగన్నంతోనే సరిపెట్టుకుంది పాపం.

బొబ్బిలి_వీణ:
పలాస గారూ, లోను బాధ నాకూ తెలుసు. అందుకే నేను మనవాళ్ళ దగ్గరికి వెళ్ళొద్దనడం లేదు, చుట్టంలా రెండు వారాలు ఉండమనండి, డిపాజిట్ ఇవ్వకుండా. బ్యాంకు ఖాతాకి యూనివర్సిటీ ఇచ్చే లెటర్లో అడ్రస్ ఉంటుంది, కార్డు ఆ ఇంటికే పోస్టులో వస్తుంది, ఈలోపు ఇల్లు మారితే మళ్ళీ మొదటికొస్తుంది, కాబట్టి ఖాతా పని ఉండబోయే ఇల్లు కుదిరాకే. రాజాం అప్ప గారూ, ఆ అబ్బాయిని ఒక్కటే అడగండి: అగ్రిమెంటులో మీ తమ్ముడి పేరు రాయిస్తాడా?

రాజాం_అప్ప:
ఇప్పుడే ఫోన్ చేశాను. నవ్వేసి, "మనవాళ్ళ మధ్య కాగితాలేటి అప్పా" అన్నాడు. స్పీకర్ ఆన్‌లో ఉంది, అమ్మ పక్కనే కూర్చుని వింది. ఏమీ అనలేదు. కాసేపయ్యాక, యూనివర్సిటీ గదికి గడువు ఎప్పటిదాకా అని అడిగింది.